చరిత్ర సంఘం పాత కాగితాలు సర్దడం ఎలా? ముందు ఆ కట్ట విప్పకండి

మన హైదరాబాద్‌లో పాత సంఘాలకు కొదవలేదు. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901 నాటిది, హైదరాబాద్ ఆర్కియలాజికల్ సొసైటీ 1910ల్లో మొదలైంది, లక్ష్మణరాయ పరిశోధక మండలి 1920ల్లో వచ్చింది. అలాంటి ఏదో ఒక సంఘంవాళ్లు బీరువా తాళాలు మీ చేతిలో పెట్టి "ఇవి కాస్త సర్దిపెట్టండి" అన్నారనుకోండి. లోపల ఉండేవి పుస్తకాలు కావు, సంఘం నడుస్తూ నడుస్తూ పోగేసుకున్న కాగితాలు: మినిట్స్ పుస్తకాలు, ఉత్తరాల కట్టలు, చందా రసీదులు, జమాఖర్చులు, శాసనాల నకళ్లు. ఏళ్లతరబడి ఇదే పనిలో ఉన్నాను, ఎక్కడికి వెళ్లినా ఒకటే తప్పు కనిపిస్తోంది, అందుకే ఇదంతా.

సామాన్లు: 2బి పెన్సిల్, మెత్తటి బ్రష్, మాస్కు, తెల్ల నూలు నాడా (బేగంబజార్‌లో చవగ్గా దొరుకుతుంది), ఆసిడ్ లేని ఫోల్డర్లు, ఫోన్. పెన్ను బల్ల దగ్గరికే రాకూడదు. సెల్లోటేపు, లామినేషన్, రబ్బరు బ్యాండ్లు వద్దే వద్దు. గ్లౌజులు ఫోటోలకూ నెగెటివ్‌లకూ మాత్రమే. పెళుసుబారిన కాగితం అంచు వేలికి తెలిసినట్టు గుడ్డకు తెలియదు. చేతులు శుభ్రంగా కడుక్కుని తడి లేకుండా తుడుచుకుంటే చాలు.

మొదట బీరువాలు లెక్కపెట్టి, ప్రతి అరనూ ఉన్నదున్నట్టు ఫోటో తీయండి. బూజు పట్టినవీ పురుగు తిన్నవీ వేరే గదిలో పెట్టి, ఏ అరలోంచి తీశారో చీటీ రాయండి. వానాకాలంలో అయితే ఈ పని మొదలే పెట్టకండి, సంక్రాంతి తర్వాత మొదలుపెట్టండి.

ఇప్పుడు అసలు సంగతి. కాగితాలు ఏ వరసలో ఉన్నాయో ఆ వరసను చెడగొట్టకండి. తేదీల ప్రకారం పేర్చాలనో, ఊళ్లవారీగా విడదీయాలనో చెయ్యి లాగుతుంది, నాకూ మొదట్లో లాగేది. ఆగండి.

ఒక సంఘంలో నేను వెళ్లేసరికే ఉత్సాహవంతులైన కుర్రాళ్లు నలుగురు రెండు బీరువాల ఉత్తరాలు తేదీల వరసలో పేర్చేశారు. చూడటానికి చక్కగా ఉంది. కానీ పాత కార్యదర్శి జవాబు రాసిన ఉత్తరాలు ఒక కట్టగా, రాయాల్సినవి ఇంకో కట్టగా పెట్టుకునేవారట, రెండో కట్టకు ఎర్ర గుడ్డ. ఆ గుడ్డ ఒక్కటే మిగిలింది, మడతల దగ్గర రంగు వెలిసి, మూలన సిరాతో "బాకీ" అని రాసి ఉంది. దాంట్లో ఏయే ఉత్తరాలు ఉండేవో ఇక ఎవరూ చెప్పలేరు. సంఘం ఎవరికి జవాబివ్వలేదు, ఏ ఊరి శాసనం గురించి అడిగితే పట్టించుకోలేదు అన్న చరిత్రంతా ఒక్క మధ్యాహ్నంలో పోయింది. ఉత్తరంతో పాటు వచ్చిన నకళ్లు కూడా, వాటి మీద తేదీ లేదని, "ఇతరాలు" పెట్టెలోకి వెళ్లిపోయాయి. నాకు ఇప్పటికీ ఆ పెట్టె చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

పోనీ ఆ తేదీలైనా సరిగ్గా చదివారా అంటే అదీ లేదు. నిజాం కాలపు కాగితాల్లో ఒక్కోదాని మీద ఒక్కో లెక్క. 1345 అని ఉంటే అది హిజ్రీ (ముస్లిం చాంద్రమాన లెక్క) అయితే 1926-27, ఫస్లీ (నిజాం సర్కారు వాడిన రెవెన్యూ లెక్క) అయితే 1935-36, అంటే తొమ్మిదేళ్ల తేడా. నిజాం కాలంలో ఫస్లీ సంవత్సరం ఇక్కడ అక్టోబరులో ఆజూర్ నెలతో మొదలయ్యేది కాబట్టి ఫస్లీ అంకెకు డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591 కలపాలి. 1345 ఆజూర్ ఉత్తరం 1935ది, చివరి నెలైన ఆబాన్‌లో రాసిన 1345 ఉత్తరం 1936ది. నెల పేరు చూడకుండా సంవత్సరం మార్చకండి. మార్చినా, కాగితం మీదున్న తేదీనే ముందు రాసి పక్కన ఇంగ్లీషు సంవత్సరం వేయండి. డబ్బు విషయంలోనూ అంతే, హాలీ సిక్కానా (నిజాం రూపాయి) కల్దారా (బ్రిటిష్ ఇండియా రూపాయి) అన్నది రాయకపోతే ఆ జమాఖర్చు ఎందుకూ పనికిరాదు, ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు లెక్క.

అందుకని కట్ట విప్పేముందే దాన్ని నాలుగు వైపులా ఫోటో తీయండి. పైన కట్టిన గుడ్డ, చీటీ, ముడి, అన్నీ. తర్వాత పై కాగితం నుంచి ఒక్కొక్కటే తీస్తూ వెనకవైపు కింది మూలన పెన్సిల్‌తో అంకె వేయండి. అంకెలు పూర్తయ్యేదాకా ఒక్క కాగితం కూడా చోటు మారకూడదు, ఫోన్ మోగినా సరే, లేచి వెళ్లేముందు చదువుతున్న చోట చీటీ పెట్టండి. కొందరు లైబ్రేరియన్ మిత్రులు పుస్తకాల్లా విషయవారీ నంబర్లు ఇద్దామంటారు. పుస్తకం ఒంటరిగా నిలబడుతుంది, ఉత్తరానికి ముందూ వెనకా ఉన్న కాగితాలే ప్రాణం. ఎవరికైనా విషయవారీగా కావాలంటే మీరు అంకెల వారీగా రాసుకునే కాగితాల పట్టికలో వెతుక్కోవచ్చు, దానికోసం కట్ట చెదరగొట్టక్కర్లేదు. వరస నిజంగానే చెదిరిపోయి గుట్టగా పడి ఉంటే అప్పుడు మీరే ఒక వరస పెట్టండి, పెట్టింది మీరేనని పట్టికలో రాయండి.

మిగతాదంతా తేలికే. తుప్పు పిన్నులను లాగకుండా, కాగితం కింద పలచటి ప్లాస్టిక్ ముక్క దూర్చి మెల్లగా విప్పండి. మినిట్స్, ఉత్తరాలు, లెక్కలు, సభ్యత్వం అని వర్గాలుగా పట్టికలో రాసుకోండి. శాసనాల నకళ్ల మీద మాత్రం బరువు పెట్టి చదును చేయకండి, తడి కాగితాన్ని రాతి మీద బ్రష్‌తో కొట్టి తీసిన నకలు అది, వెనకవైపు వేలితో తడిమితే అక్షరం ఉబ్బు తగులుతుంది, నలిగిన చోట సిరా చెప్పని అక్షరాన్ని ఆ ఉబ్బే చెబుతుంది.

స్కానింగ్ ఆఖర్న. అంకెలు వేయకుండా స్కాన్ చేస్తే ఏ బొమ్మ ఏ కట్టదో వారం తిరిగేసరికి మీకే తెలియదు. స్కాన్ అయిందని అసలు కాగితం పారేయకండి. పట్టిక మూడు కాపీలు తీసి ఒకటి పెట్టెలో, ఒకటి సంఘం ఆఫీసులో, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. పెట్టెలు నేల మీద కాకుండా జానెడు ఎత్తులో, బయటి గోడకు తగలకుండా పెట్టండి.