వాక్యంతో ప్రార్థించడం: 3వ పాఠం – హాగరును అడిగిన ప్రశ్న

మొదటి రెండు పాఠాలలో చిన్న వాక్యభాగాన్ని తొందరపడకుండా మూడుసార్లు చదవడం, మనస్సు ఆగిన చోటును నోటుపుస్తకంలో రాసుకోవడం అభ్యాసం చేశాము. ఈ పాఠంలో, వాక్యంలో కనబడే ప్రశ్నను మనలను అడిగినదిగా తీసుకొని, దానికి జవాబు రాసి, ఆ జవాబుతోనే ప్రార్థించడం నేర్చుకుందాము. అందుకు ఆదికాండము 16వ అధ్యాయంలో మొదటి 14 వచనాలు తీసుకోండి.

మొదటిసారి చదివేటప్పుడు హాగరును ఎవరు ఏమని పిలుస్తున్నారో ఆ మాటల కింద మాత్రమే పెన్సిలుతో గీత గీయండి. యజమానురాలైన శారయి "నా దాసి" అంటుంది, ఆమె భర్త అబ్రాము "నీ దాసి" అంటాడు. ఐగుప్తు నుండి వచ్చిన ఈ స్త్రీ పేరు ఈ అధ్యాయంలో ఆ ఇద్దరి నోటా ఒక్కసారి కూడా వినబడదు. మన పాత తెలుగు అనువాదం చేతిలో ఉంటే 6వ వచనాన్ని మరింత నిదానంగా చదవండి: అక్కడ శారయి "ఆమె", హాగరు "అది". గర్భవతిగా ఉండి, యజమానురాలు పెట్టే శ్రమకు తాళలేక పారిపోయి, షూరు మార్గంలో నీటి బుగ్గ దగ్గర ఉన్న ఆమెను యెహోవా దూత "శారయి దాసివైన హాగరూ" అని పిలుస్తాడు. ఆమె స్థితిని ఆయన దాచలేదు, అయితే ఆ స్థితితో ఆగిపోక పేరు పెట్టి పిలిచాడు. ఈ పిలుపు విలువ మన తెలుగు సంఘాలకు బాగా తెలుసు. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మం పొందిన 2,222 మందిలో ఎక్కువమంది మాదిగలు, అంటే ఊరివాళ్లు సొంత పేరుతో కాక కులంతో గుర్తించిన మనుషులు.

రెండవసారి చదివేటప్పుడు ప్రశ్న దగ్గర ఆగండి: "ఎక్కడనుండి వచ్చితివి, యెక్కడికి వెళ్లుచున్నావు?" అడిగినవి రెండు, హాగరు జవాబిచ్చినది ఒక్కదానికే. యజమానురాలి దగ్గరనుండి పారిపోతున్నానని చెప్పింది గాని, ఎక్కడికో చెప్పలేదు. ఆ సగం జవాబును దూత తప్పుపట్టలేదు. ఈ పాఠమంతటిలో నాకు అత్యంత విలువైనదిగా తోచేది ఇదే.

ఇప్పుడు నోటుపుస్తకంలో ఒక పేజీ తెరచి, పైన మీ పేరు రాయండి. మీ ఉద్యోగం, మీరు ఎవరి కోడలో, ఎవరి కొడుకో రాయవద్దు. దాని కింద ఆ రెండు ప్రశ్నలు రాసి, మొదటిదానికి నాలుగైదు వాక్యాలలో జవాబు ఇవ్వండి. ఆరాధనలో నిలబడి సాక్ష్యంగా చెప్పే మాటలు ఇక్కడ వద్దు. అప్పు, అవమానం, ఇంట్లో మాటలు ఆగిపోయిన సంగతి, ఏది నిజమో అదే రాయండి. రెండవ ప్రశ్నకు జవాబు తెలియకపోతే ఆ చోటు ఖాళీగా వదలండి. తరువాత రాసినదానిని "ప్రభువా" అని మొదలుపెట్టి, స్వరం వినబడేటట్టు దేవునికి చదివి వినిపించండి.

9వ వచనం గురించి ఒక హెచ్చరిక అవసరం. హాగరుతో తిరిగి వెళ్లుమని చెప్పిన ఆ మాటను, ఇంట్లో హింసను అనుభవిస్తున్న స్త్రీని అదే ఇంటికి తిరిగి పంపడానికి వాడడం వాక్యాన్ని దుర్వినియోగం చేయడమేనని నేను నమ్ముతున్నాను. మీ పేజీలో అటువంటి సంగతి ఉంటే, ప్రార్థనతో పాటు నమ్మదగిన ఒక మనిషికి చెప్పి, ముందు క్షేమమైన చోటికి చేరండి. సహాయం అడగడం అవిశ్వాసం కాదు.

మూడవసారి 13వ వచనం చదవండి. పేరుతో పిలవబడిన ఆ దాసి ఇప్పుడు దేవునికే "చూచుచున్న దేవుడవు నీవే" అని పేరు పెడుతుంది. మీరు కూడా మీ పేజీ చివర, ఈ వారం మీకు తెలిసినంతలో దేవుని ఏమని పిలవగలరో ఒక్క వరుసలో రాయండి. అరువు తెచ్చుకున్న గొప్ప బిరుదుకంటే మీ అనుభవంలోనుండి వచ్చిన చిన్న మాట మేలు.

ఈ అభ్యాసాన్ని వారంలో మూడు రోజులు, రోజుకు ఇరవై నిమిషాలు చేయండి. ప్రతిసారి కొత్త పేజీ వాడి, పాత పేజీలను చింపకుండా ఉంచండి. తరువాతి పాఠానికి 21వ అధ్యాయంలో 14 నుండి 19 వరకు ఉన్న వచనాలు ముందుగా చదివి, తిత్తిలో నీళ్లు అయిపోయిన తరువాత హాగరు కన్నులు తెరవబడినప్పుడు ఆమెకు ఏమి కనబడిందో రాసి ఉంచండి.