జియోకేషింగ్‌కి మ్యాప్ ఉన్న జీపీఎస్ కొనాలా, బేసిక్‌ది చాలా

ఒడిశాలో మన పర్లాకిమిడి, బరంపురం, రాయగడ వైపు జియోకేషింగ్ మొదలుపెడదాం అనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఇదే, చేత్తో పట్టుకునే బేసిక్ జీపీఎస్ సెట్ సరిపోతుందా లేక ఎక్కువ డబ్బులు పెట్టి మ్యాప్ ఉన్నదే తీసుకోవాలా అని. కొత్తవాళ్ల కోసం ఒక్క ముక్కలో చెప్పేస్తా, ఎవరో ఒక డబ్బా దాచి దాని కోఆర్డినేట్స్, అంటే ఆ చోటు అక్షాంశ రేఖాంశాల అంకెలు, ఆన్‌లైన్‌లో పెడతారు, మనం వెళ్లి వెతికి లోపలున్న లాగ్‌బుక్‌లో పేరు రాసి మళ్లీ ఉన్నచోటే పెట్టేసి వస్తాం. 2000 మే మొదట్లో అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సిగ్నల్‌లో కావాలని పెట్టిన తేడాని తీసేసింది, అంతవరకు మామూలు జనం సెట్లు వంద మీటర్ల దాకా అటూ ఇటూ చూపించేవి, అది పోయిన వెంటనే మే 3న డేవ్ ఉల్మర్ అనే ఆయన ఆరెగాన్‌లో ఒక బకెట్ దాచి అంకెలు పెట్టాడు, ఆట అలా మొదలైంది.

ఇప్పుడు అసలు విషయం. మ్యాప్ ఉన్నంత మాత్రాన సెట్ మిమ్మల్ని డబ్బాకి ఇంకా దగ్గరగా తీసుకెళ్లదు. రెండూ పట్టేది ఆ శాటిలైట్లనే, ఆకాశం బాగా కనిపిస్తే మూడు నుంచి ఐదు మీటర్ల తేడా, దట్టమైన చెట్ల కిందో గండాహాతి జలపాతం దగ్గరలాగా రాతిగోడల పక్కనో అయితే పది మీటర్లు దాటినా ఆశ్చర్యం లేదు. ఖరీదు ఎక్కువ కాబట్టి కరెక్టుగా చూపిస్తుందిలే అని కొనకండి. ఆఖరి పది మీటర్లు ఎలాగూ కళ్లతోనే వెతకాలి.

మరి మ్యాప్ ఎందుకంటే, బేసిక్ సెట్‌లో ఉండేది ఒక బాణం, ఒక దూరం అంతే, అది కాకి ఎగిరే దారి చూపిస్తుంది. పర్లాకిమిడిలో నిలబడి 900 మీటర్లు అని చూసి నడుస్తూ పోతే మధ్యలో మహేంద్రతనయ ఏరు అడ్డం వస్తుంది, డబ్బా ఏమో అవతల ఆంధ్రా వైపు పాతపట్నం ఒడ్డున, ఇక బ్రిడ్జి ఎక్కడుందో చూసుకుని చుట్టూ తిరిగి రావాల్సిందే. ఊళ్లో అయితే ఎవర్నైనా అడుగుతాం. ఆర్.ఉదయగిరి ఘాట్ వైపో మహేంద్రగిరి మీదో అలా కుదరదు, అది 1501 మీటర్ల కొండ, బాణం తిన్నగా ఉందని తుప్పల్లో పడి ఎక్కితే పైన నిట్రంగా బండ తగులుతుంది, అసలు దారి కొండకి అటువైపు నుంచి ఉంటుంది. మ్యాప్ ఉన్న సెట్‌లో కాంటూర్ గీతలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు, దగ్గరదగ్గరగా ఉంటే అక్కడ నిటారు అని కిందే తెలిసిపోతుంది, కాలిబాట, వాగు, ఘాట్ మలుపు అన్నీ కనిపిస్తాయి. గజపతి జిల్లా అడవుల్లో ఏనుగులు తిరుగుతాయి కాబట్టి చీకటి పడకముందే దిగిపోవాలి, దారి వెతుక్కోవడంలో పోయే టైము ఇక్కడ చిన్న విషయం కాదు. అందుకే నా మాట ఏమిటంటే కొండల్లోకి వెళ్లే ఆలోచన ఉంటే మ్యాప్ ఉన్నదే తీసుకోండి, టౌన్లు, బీచ్‌లు, పొలాల వైపు మాత్రమే అయితే బేసిక్‌ది హాయిగా చాలు.

మోడల్స్ సంగతికి వస్తే గార్మిన్ కంపెనీ సెట్లలో బేసిక్ అంటే ఈట్రెక్స్ 10, ఈట్రెక్స్ ఎస్ఈ. ఎస్ఈ స్క్రీన్ బ్లాక్ అండ్ వైట్, కానీ రెండు పెన్సిల్ సెల్స్‌తో 168 గంటలదాకా వస్తుందని కంపెనీ లెక్క, ఫోన్‌తో బ్లూటూత్ కలిపితే డబ్బాల వివరాలు దానంతట అదే తెచ్చుకుంటుంది. మ్యాప్ కావాలంటే ఈట్రెక్స్ 22ఎక్స్, 32ఎక్స్, వీటికి కలర్ స్క్రీన్, 8 జీబీ మెమరీ, మెమరీ కార్డు స్లాట్, సెల్స్ మాత్రం 25 గంటలే. ఈ రెండిట్లో తేడా చాలామంది పట్టించుకోరు గానీ పట్టించుకోవాలి, 22ఎక్స్‌లో ఎలక్ట్రానిక్ కంపాస్ లేదు, 32ఎక్స్‌లో ఉంది. కంపాస్ లేని సెట్‌కి మీరు నడుస్తుంటేనే దిక్కు తెలుస్తుంది, డబ్బా దగ్గరికొచ్చి నిలబడి చుట్టూ చూస్తుంటే బాణం ఇష్టమొచ్చినట్టు తిరుగుతుంది, అప్పుడు ఒక ఇరవై అడుగులు వెనక్కి వెళ్లి మళ్లీ తిన్నగా నడిచి రావాలి.

ఇంకోటి చాలా ముఖ్యం, శాటిలైట్‌తో మెసేజ్ పంపే ఇన్‌రీచ్ సెట్లు, పేరు చివర ఐ ఉండే జీపీఎస్‌మ్యాప్ 66ఐ, 67ఐ లాంటివి, బయటి దేశం నుంచి చుట్టాల చేత తెప్పించుకోవద్దు. పర్మిషన్ లేకుండా మన దేశంలో అవి పెట్టుకోవడం నేరం, ఎయిర్‌పోర్టుల్లో పట్టుబడి కేసులైన వాళ్లున్నారు.

సెట్‌తో వచ్చే మ్యాప్‌లో మన పల్లెలు, కాలిబాటలు పెద్దగా ఉండవు. జనమే కలిసి గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి తయారుచేసిన ఐఎంజీ ఫైల్, అంటే గార్మిన్ సెట్ చదవగలిగే మ్యాప్ ఫైల్, ఫ్రీగా దొరుకుతుంది, దించుకుని కార్డులో గార్మిన్ ఫోల్డర్‌లో వేస్తే సరిపోతుంది. అయితే మన బోర్డర్ వాళ్లకి ఇక్కడో చిక్కుంది, కొన్నిచోట్ల దేశాన్ని జోన్లుగా కోసి పెడతారు, ఒడిశా ఈస్టర్న్‌లో ఉంటుంది, ఆంధ్రా సదరన్‌లో ఉంటుంది, ఒకటే వేసుకుంటే ఏరు దాటగానే స్క్రీన్ ఖాళీ అయిపోతుంది. రెండూ వేసుకోండి, లేదా మొత్తం ఇండియాది వేసుకోండి.

కోఆర్డినేట్స్ చేత్తో కొట్టేటప్పుడు జాగ్రత్త, ఏ సెట్ అయినా ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. జియోకేషింగ్‌లో డిగ్రీలు, నిమిషాలు (డిగ్రీలో అరవయ్యో వంతు), నిమిషాల్లో మూడు దశాంశాలు, ఇలా రాస్తారు: ఉత్తరం 18° 46.500. ఫోన్ మ్యాప్‌లో అదే చోటు 18.775 అని కనిపిస్తుంది. ఎవరైనా 46.500ని 46 నిమిషాల 50 సెకన్లు అనుకుని కొట్టేస్తే దాదాపు 600 మీటర్లు పక్కకి వెళ్లిపోతారు, ఎందుకంటే అది నిజానికి 46 నిమిషాల 30 సెకన్లు. సెట్టింగ్స్‌లో పొజిషన్ ఫార్మాట్ నిమిషాల దశాంశంలోకి, డేటమ్ (అంకెల్ని ఏ భూమి నమూనా మీద లెక్కపెట్టాలో చెప్పేది) డబ్ల్యూజీఎస్ 84కి మార్చి పెట్టేసుకోండి. ఆఖరి అంకె ఒకటి ఎక్కువో తక్కువో పడితే రెండు మీటర్ల లోపే తేడా, దానికి కంగారు పడక్కర్లేదు.

ఫోన్ ఉండగా ఇవన్నీ ఎందుకు అంటే, మొదట నాలుగు డబ్బాలు ఫోన్‌తోనే వెతకండి, నచ్చితేనే సెట్ కొనండి, అందులో తప్పేం లేదు. కొండల్లో టవర్ పోతుంది, ఛార్జింగ్ దిగిపోతుంది, దారి చూడ్డానికి ఫోన్ బయటపెట్టి అది తడిస్తే ఇంటికి కబురు పెట్టే దారి కూడా ఉండదు, సెట్ అవసరం అక్కడ వస్తుంది.

సెకండ్ హ్యాండ్ తీసుకునేటట్లయితే సెల్స్ మూత తీసి లోపల స్ప్రింగుల మీద పచ్చగా చిలుము పట్టిందేమో చూడండి, ఆరుబయట ఆన్ చేసి లొకేషన్ పట్టేదాకా అక్కడే ఉండండి, చాలాకాలం మూలన పడున్నదైతే పదిహేను నిమిషాలు పట్టొచ్చు. 2019 ఏప్రిల్ 6న జీపీఎస్ తేదీ కోసం వాడే వారాల లెక్క మళ్లీ సున్నాకి వచ్చింది కాబట్టి కొన్ని పాత సెట్లలో తేదీ తప్పు చూపిస్తుంది, చోటు కరెక్టుగా చూపిస్తుంటే అది పెద్ద లోపం కాదు. పాత పసుపు ఈట్రెక్స్‌కి మాత్రం యూఎస్‌బీ లేదు, సీరియల్ కేబుల్ కావాలి, లేదంటే ప్రతి డబ్బా అంకెలూ చేత్తో కొట్టుకోవాల్సిందే, అందుకు ఓపిక ఉంటేనే బేరం ఆడండి.