ఇంగ్లండ్‌లో గాలం వేయాలంటే: రాడ్ లైసెన్స్ దరఖాస్తు, పాత రాడ్, క్వివర్ టిప్ సంగతులు

చదువుకో ఉద్యోగానికో ఇంగ్లండ్ వచ్చి, శని ఆదివారాల్లో కాలువ గట్టు మీద నడుస్తూ, పచ్చ గొడుగు కింద గంటల తరబడి కూర్చుని చేపలు పట్టేవాళ్లను చూసి మనమూ ఒక రాడ్ కొంటే ఏం పోయింది అనుకునే తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. కొనండి, మంచి అలవాటు. రాడ్ సెకండ్ హ్యాండ్‌ది తీసుకోవచ్చు, రీలు స్నేహితుణ్ణి అడిగి తెచ్చుకోవచ్చు, కానీ లైసెన్స్ మాత్రం మీ పేరు మీద ఉండాలి. ఊళ్లో చెరువు గట్టున వెదురు కర్రకు దారం కట్టి, బెండు వేసి, వానపాము గుచ్చి కూర్చున్నట్టు ఇక్కడ కూర్చోవడం కుదరదు. రాడ్ అమ్మినాయనకు లైసెన్స్ ఉన్నా అది మీకు పనికిరాదు. ఒకే రాడ్‌తో భార్యాభర్తలిద్దరూ వంతులేసుకుని పట్టినా ఇద్దరికీ వేర్వేరుగా ఉండాల్సిందే.

13 ఏళ్లు నిండినవాళ్లు ఎవరైనా సరే, ఇంగ్లండ్‌లోగానీ వేల్స్‌లోగానీ నదిలో, కాలువలో, చెరువులో మంచినీటి చేపలకు గాలం వేస్తే ఈ లైసెన్స్ కావాలి. 13 నుంచి 16 ఏళ్ల పిల్లలకు ఉచితమే, అయినా దరఖాస్తు చేసి తీసుకోవాలి, ఈ సంగతి తెలియక చాలామంది తల్లిదండ్రులు వదిలేస్తారు. 13 లోపు పిల్లలకు అక్కర్లేదు. స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్ పద్ధతులు వేరు, అక్కడికి వెళ్తే అక్కడివి చూసుకోండి. లైసెన్స్ లేకుండా పట్టుబడితే జరిమానా 2,500 పౌండ్ల దాకా పడవచ్చు. ఇచ్చేది ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ అనే ప్రభుత్వ సంస్థ. మనం కట్టే డబ్బు చేపల సంరక్షణకూ నదుల బాగోగులకూ వెళ్తుంది కాబట్టి ఎగ్గొట్టాలని చూడకండి.

లైసెన్స్‌లో రకాలున్నాయి. సాల్మన్, సీ ట్రౌట్‌లకు ఒకటి, అది ఖరీదు, మనకు దాంతో పని లేదు. మనకు కావాల్సింది ట్రౌట్, కోర్స్ ఫిష్, ఈల్ చేపలకు ఇచ్చేది. కోర్స్ ఫిష్ అంటే సాల్మన్, ట్రౌట్ జాతులు కాకుండా మిగిలిన మంచినీటి చేపలు: రోచ్, బ్రీమ్, టెంచ్, పెర్చ్, పైక్, చబ్, బార్బెల్, మన బంగారుతీగ అయిన కార్ప్. ఇందులో 2 రాడ్ల వరకు ఒక లైసెన్స్, 3 రాడ్ల వరకు ఇంకొకటి. 2 రాడ్లది 1 రోజుకు, 8 రోజులకు, 12 నెలలకు దొరుకుతుంది. 3 రాడ్లది 12 నెలలకే. రాత్రీ పగలూ కూర్చుని పెద్ద కార్ప్ పట్టేవాళ్లకు మూడు రాడ్లు కావాలేమోగానీ, క్వివర్ టిప్, అంటే చేప కొడితే వంగి చూపించే రాడ్ కొస పుల్ల, పెట్టుకుని పట్టేవాళ్లకు రెండు కూడా ఎక్కువే, ఎందుకంటే రెండు టిప్పులను ఒకేసారి కళ్లార్పకుండా చూడటం ఎవరివల్లా కాదు. 2 రాడ్లది తీసుకోండి చాలు.

ధర విషయానికొస్తే, 2024 ఏప్రిల్‌లో 2 రాడ్ల లైసెన్స్ 1 రోజుకు 7.10, 8 రోజులకు 14.20, 12 నెలలకు 35.80 పౌండ్లుగా పెట్టారు. ఇలాంటి రుసుములు ఏప్రిల్‌లో మారుతుంటాయి కాబట్టి కట్టేముందు తెర మీద కనిపించేదే లెక్క. ఏడాదిలో మూడు నాలుగు సార్లు వెళ్తామనుకుంటే 12 నెలలది తీసుకోవడమే లాభం. 66 ఏళ్లు నిండినవాళ్లకు, బ్లూ బ్యాడ్జ్ (వైకల్యం ఉన్నవాళ్లకు ఇచ్చే పార్కింగ్ కార్డు) ఉన్నవాళ్లకు, కొన్ని రకాల వైకల్య భృతి పొందుతున్నవాళ్లకు 12 నెలల లైసెన్స్‌లో తగ్గింపు ఉంది. బ్లూ బ్యాడ్జ్ అయితే దాని నంబరు, భృతి అయితే నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు దగ్గర పెట్టుకోండి. ఇండియా నుంచి చూడటానికి వచ్చిన నాన్నగారు ఒక పూట సరదాగా గాలం పట్టుకుంటానంటే 1 రోజుది ఆయన పేరు మీద తీసుకోండి.

ఇక దరఖాస్తు. బ్రిటన్ ప్రభుత్వ సైట్ అయిన గవ్ డాట్ యూకే తెరిచి అందులోనే రాడ్ ఫిషింగ్ లైసెన్స్ పేజీకి వెళ్లండి. గూగుల్‌లో వెతికి పైన ప్రకటనలా వచ్చిన మొదటి లింకు నొక్కేయకండి. అచ్చం ప్రభుత్వ సైట్‌లాగే తయారుచేసి అదనంగా డబ్బు గుంజే సైట్లు ఉన్నాయి, అడ్రసు చివర గవ్ డాట్ యూకే అని ఉందో లేదో కళ్లారా చూసుకున్నాకే కార్డు నంబరు కొట్టండి. లోపల లైసెన్స్ మీకోసమా ఇంకొకరికోసమా, పేరు, పుట్టిన తేదీ, ఏ రకం, ఎంత కాలం, ఎప్పటి నుంచి, ఇంటి చిరునామా, ఈమెయిల్ లేదా మొబైల్ అని వరసగా అడుగుతుంది. పేరు మీ పాస్‌పోర్టులోనో బ్యాంకు కార్డులోనో ఉన్నట్టే రాయండి. ఇంటిపేరు ముందా వెనకా అని మన పేర్లతో ఎప్పుడూ ఉండే తికమక ఇక్కడ మొదలైతే గట్టు మీద అధికారి గుర్తింపు అడిగినప్పుడు లేనిపోని టెన్షన్.

ఎప్పటి నుంచి అన్న ప్రశ్న దగ్గర కాస్త ఆగి ఆలోచించండి. డబ్బు కట్టిన కాసేపటికే మొదలయ్యేలా పెట్టుకోవచ్చు, ముందు తేదీ వేసుకోవచ్చు. 1 రోజు లైసెన్స్ మీరు ఎంచుకున్న సమయం నుంచి 24 గంటలు ఉంటుంది, అంటే శనివారం సాయంత్రం 4కు మొదలుపెడితే ఆ సాయంత్రమూ, ఆదివారం పొద్దుటి పూటా రెండూ కలిసివస్తాయి. 8 రోజులంటే వరసగా 8 రోజులు, మీకు వీలైనప్పుడల్లా ఒక్కో రోజు వాడుకునేది కాదు. 12 నెలలది మీరు మొదలుపెట్టిన రోజు నుంచి ఏడాది. డబ్బు డెబిట్ లేదా క్రెడిట్ కార్డుతో కట్టాలి. కట్టగానే లైసెన్స్ నంబరు ఈమెయిల్‌కో ఫోన్‌కో వస్తుంది, అదే మీ రుజువు. దాన్ని వెంటనే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, నది ఒడ్డున సిగ్నల్ ఉంటుందని నమ్మకం లేదు.

లైసెన్స్ చేతికొచ్చినంత మాత్రాన ఎక్కడ పడితే అక్కడ గాలం వేయవచ్చని కాదు. ఆ నీళ్ల మీద హక్కు ఉన్నవాళ్ల అనుమతి విడిగా కావాలి. పల్లెల్లో ఫిషరీ అని బోర్డు పెట్టిన చెరువులకు డే టికెట్ ఉంటుంది, కొన్నిచోట్ల గట్టు మీదికే వచ్చి డబ్బు తీసుకుంటారు. నదుల ఒడ్డులు ఎక్కువగా ఆంగ్లింగ్ క్లబ్బుల చేతుల్లో ఉంటాయి, ఏడాది సభ్యత్వం కట్టాలి. కాలువలైతే కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ వాళ్ల వాటర్‌వే వాండరర్స్ పర్మిట్ గురించి అడగండి, చాలాచోట్లకు పనికొస్తుంది. మరో ముఖ్యమైన సంగతి, నదుల్లో మార్చి 15 నుంచి జూన్ 15 దాకా కోర్స్ ఫిషింగ్ నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలం. చాలా చెరువులకూ కాలువలకూ ఈ నిషేధం లేదు, అయినా ఆ నీళ్ల యజమాని నియమం ఏమిటో కనుక్కోవాలి.

ఇప్పుడు పాత రాడ్ సంగతి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఖరీదైన కొత్త రాడ్ కొనాల్సిన పనే లేదు, పదేళ్ల నాటి మంచి కంపెనీ ఫీడర్ రాడ్, అంటే మేత నింపిన ఫీడర్ అనే చిన్న బుట్టను విసిరే రాడ్, ఈనాటి చవక కొత్త రాడ్ కన్నా మేలు. చారిటీ షాపుల్లో, కారు డిక్కీలో పాత వస్తువులు పెట్టి అమ్మే కార్ బూట్ సేల్స్‌లో, గాలం సామాను దుకాణాల్లో పాత సరుకు పెట్టే మూలలో దొరుకుతాయి. చేతిలోకి తీసుకోగానే ముక్కలు బిగించి అడ్డంగా పట్టుకుని చిన్నగా ఊపండి. జాయింటు దగ్గర టక్ టక్ అని శబ్దం వస్తే అది వదులైపోయింది. లోపల ముక్క దూరే రకం పాత స్పిగాట్ జాయింట్లలో రెండు ముక్కల మధ్య కాస్త సందు కనిపించడం లోపం కాదు, అలా ఉండాలనే చేస్తారు. సందు పూర్తిగా మూసుకుపోయి ఉంటేనే అరిగిపోయిందని అనుమానించాలి. తర్వాత ప్రతి రింగులోంచి చిన్న దూది పీచు లాగి చూడండి. కంటికి కనిపించని పగులున్న రింగు ఆ దూదిని పట్టేస్తుంది, రేపు మీ లైనును కూడా అలాగే కోసేస్తుంది. ఆ తర్వాత రాడ్ కార్బన్ కర్ర మీద గోటితో నెమ్మదిగా రాస్తూ వెళ్లండి, పొట్టు లేచినట్టు తగిలినా, వంచినప్పుడు కిర్రుమన్నా దాన్ని అక్కడే పెట్టేసి రండి.

చాలా పాత ఫీడర్ రాడ్లు చవకగా దొరకడానికి అసలు కారణం వాటి టిప్పులు పోవడమే. కొత్తగా కొన్నప్పుడు రెండు మూడు టిప్పులు ఉంటాయి, ఇన్నేళ్లలో ఒకటి విరిగి, ఇంకొకటి పాత కారులో మిగిలిపోయి, మీ దగ్గరికి వచ్చేసరికి ఒక్కటే ఉంటుంది, అదీ మీ నీళ్లకు సరిపోనిది. కాబట్టి టిప్ గురించి కాస్త వివరంగా చెప్తాను.

క్వివర్ టిప్ అంటే రాడ్ కొసన దూర్చే సన్నటి, రంగు వేసిన పుల్ల. బెండు వాడం కాబట్టి చేప కొట్టిన సంగతి మనకు చెప్పేది ఇదొక్కటే. దాని బలాన్ని ఔన్సుల్లో చెప్తారు: అర, ముప్పావు, 1, 1.5, 2, 3, 4. ఉజ్జాయింపుగా అంత బరువు వేలాడదీస్తే టిప్ పూర్తిగా కిందికి వంగుతుందని అర్థం. పాతదాని మీద అంకె చెరిగిపోయి ఉంటే టిప్ మొదలును బల్ల అంచున అడ్డంగా గట్టిగా పట్టి, కొసకు ఒక ఔన్సు బరువు, అంటే 28 గ్రాములు కట్టండి. కొస నేలవైపు తిరిగితే అది ఒక ఔన్సు టిప్. సగమే వంగితే అంతకన్నా బలమైనది.

కదలని నీళ్లకు, కాలువకు, చిన్న చెరువుకు అర నుంచి 1 ఔన్సు. మెల్లగా పారే నదికి 1.5 లేదా 2. వరద వేగంతో పారే నదిలో బరువైన ఫీడర్‌తో బార్బెల్‌కు 3, 4. కొత్తవాళ్లు బలమైనది ఉంటే మంచిదనుకుని 3 ఔన్సులది చెరువులో వాడుతుంటారు, రోచ్ వచ్చి ఎర పీల్చి ఉమ్మేసి వెళ్లినా ఆ టిప్ కదలదు. అదే మరీ మెత్తనిది పారే నదిలో పెడితే నీటి ఒత్తిడికే వంగిపోయి, చేప లాగినా కొత్తగా వంగడానికి ఏమీ మిగలదు. లైను బిగించాక టిప్ కొద్దిగా, కంటికి తెలిసేంత వంగి ఉంటే అది ఆ నీటికి సరైన టిప్. ఫైబర్‌గ్లాస్‌వి మెత్తగా, నిదానంగా వంగుతాయి, దగ్గరి దూరాలకూ చిన్న చేపలకూ నాకు ఇవే ఇష్టం. కార్బన్‌వి బిర్రుగా ఉంటాయి, దూరం విసిరేవాళ్లకూ పారే నీటికీ అవి మేలు. ఒకే టిప్ కొనాలంటే 1 ఔన్సు ఫైబర్‌గ్లాస్‌ది కొనండి.

కొనేముందు మీ రాడ్ రంధ్రం కొలవాలి. అన్ని కంపెనీల టిప్పుల మొదళ్లూ ఒకే లావు ఉండవు, 2.2 మిల్లీమీటర్లు, 3 మిల్లీమీటర్లు ఎక్కువగా కనిపిస్తాయి. చిన్న కాలిపర్‌తో మీ దగ్గరున్న పాత టిప్ మొదలు కొలిచి ఆ అంకె పట్టుకుని దుకాణానికి వెళ్లండి, వీలైతే రాడ్ పై ముక్కనే తీసుకెళ్లండి. వెంట్రుకవాసి లావుగా ఉంటే నీళ్లతో తడిపిన సన్న గరుకు కాగితంతో తిప్పుతూ కొద్దికొద్దిగా రాసి, ప్రతిసారీ పెట్టి చూడండి. బలవంతంగా మాత్రం నొక్కకండి, చీలేది టిప్ కాదు, రాడ్ పై ముక్క. వదులుగా ఉన్నదాన్ని తిప్పి ఇచ్చేయండి.

రాడ్‌ను ఒడ్డుకు కొంచెం ఏటవాలుగా పెట్టి, టిప్ వెనక చీకటిగా ఉండే చెట్లో అవతలి గట్టో వచ్చేలా కూర్చుంటే కదలిక బాగా తెలుస్తుంది. టిప్ ఒక్కసారిగా లాక్కుపోయి వెంటనే వెనక్కి వస్తే చేప లైనుకు తగిలి పోయిందన్నమాట, తొందరపడి ఎత్తకండి. సన్నగా వణికి, ఆగి, మెల్లగా వంగుతూ పోతే అది తింటోంది, రాడ్ ఎత్తండి. వంగి ఉన్న టిప్ ఉన్నట్టుండి నిటారైతే చేప ఫీడర్‌ను మీ వైపు కదిలించింది, అప్పుడూ ఎత్తాల్సిందే. బ్రీమ్ ఇలా ఎక్కువగా చేస్తుంది.

పాత రాడ్‌తో పాటు సామాను పెట్టె కూడా ఇస్తే ఇంటికెళ్లి మొత్తం తీసి చూడండి, ఎందుకంటే లైసెన్స్ ఉన్నా అందులోని కొన్ని వస్తువులు వాడితే నేరం. 0.06 గ్రాముల కన్నా బరువుండి 28.35 గ్రాముల లోపున్న సీసం బరువులు వాడకూడదు. హంసలు వాటిని మింగి చచ్చిపోతున్నాయని 1987లో ఆపేశారు, అంతకుముందు నాటి పెట్టెల్లో ఇవి ఇంకా దొరుకుతాయి. ముడులు వేసి అల్లిన పాత వలబుట్టలు కూడా పనికిరావు, చేప పొలుసులు లేచిపోతాయి. రెండు రాడ్లు వేస్తే వాటి పిడుల మధ్య 3 మీటర్లకు మించి ఎడం ఉండకూడదు, రాడ్‌ను వదిలేసి టీ తాగడానికి వెళ్లకూడదు. తలపైన కరెంటు తీగలుంటే 30 మీటర్లు ఇవతలే కూర్చోండి, కార్బన్ రాడ్‌లో కరెంటు సులువుగా పారుతుంది.

పట్టిన చేపను పులుసు పెట్టుకోవచ్చా అని అందరూ అడుగుతారు. చెరువుల్లో యజమాని ఒప్పుకోకుండా తీసుకెళ్తే అది దొంగతనం, దాదాపు ఎవరూ ఒప్పుకోరు. నదుల్లో రోజుకు 20 సెంటీమీటర్ల లోపు చిన్న చేపలు 15, 65 సెంటీమీటర్ల లోపు పైక్ ఒకటి అని లెక్క ఉంది, క్లబ్బులు దాన్నీ కాదనవచ్చు. ఈల్ ఎక్కడ పడినా వదిలేయాలి. చేతులు తడుపుకుని, తడి గడ్డి మీదో మ్యాట్ మీదో పెట్టి, గాలం తీసి మెల్లగా నీళ్లలోకి వదలండి. కూరకు చేప మార్కెట్లో దొరుకుతుంది.

ఫిషరీస్ అధికారి వచ్చి లైసెన్స్ అడిగితే కంగారుపడకండి, ఆయనకు ఆ హక్కు ఉంది. నంబరు, పేరు, చిరునామా చెప్పండి, అంతే. ఆయన గుర్తింపు కార్డు చూపించమని మీరూ అడగవచ్చు. నీళ్లలో చేపలు నోళ్లు తెరిచి పైకి తేలుతున్నా, ఎవరైనా వలలు వేసి దోచుకుపోతున్నా ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ నంబరు 0800 80 70 60, రాత్రయినా పగలయినా ఎత్తుతారు, కాల్‌కు డబ్బు పడదు.