ఫ్లష్ ట్యాంక్ నుంచి నీళ్లు చప్పుడు లేకుండా కారిపోతుంటే

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు వాడే ఇళ్లలో ఫ్లష్ ట్యాంక్ నుంచి కమోడ్‌లోకి సన్నగా నీళ్లు జారిపోతుంటాయి. కంటికి ఆనదు. డబ్బు పోసి కొన్న నీళ్లు అలా పోతుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

ముందు ట్యాంక్ మూత తీసి వంటల్లో వాడే ఎర్ర రంగు పది చుక్కలు వేయండి. ఫ్లష్ చేయకుండా అరగంట ఆగండి. కమోడ్‌లో రంగు కనిపిస్తే లీకు ఉన్నట్టే. చాలాసార్లు ట్యాంక్ అడుగున ఉండే రబ్బరు వాషర్ పాడై ఉండదు, దాని మీద ఉప్పు పొర పేరుకుని ఉంటుంది. వేలితో రాస్తే సుద్దలా గరుగ్గా తగులుతుంది.

ట్యాంక్‌లోకి నీళ్లు వచ్చే గోడ కుళాయి (యాంగిల్ కాక్) కట్టేసి, ఫ్లష్ చేసి ట్యాంక్ ఖాళీ చేయండి. మధ్యలో ఉన్న వాల్వ్‌ను కొద్దిగా తిప్పితే చాలా మోడళ్లలో పైకి వచ్చేస్తుంది. లీటరు గోరువెచ్చటి నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, వాల్వ్ అడుగున ఉన్న వాషర్‌ను తీసి అరగంట నానబెట్టండి. తర్వాత పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్దండి. వాషర్ కూర్చునే అంచును కూడా అదే నీళ్లతో తుడవాలి. చాలామంది వదిలేసేది ఇక్కడే, లీకు మళ్లీ మొదలయ్యేదీ ఇందుకే. బాత్రూమ్ యాసిడ్ మాత్రం వాడొద్దండి.

రబ్బరు గట్టిపడినా, పగుళ్లు పట్టినా ఈ పద్ధతి పనిచేయదు. కొత్త వాషర్ వేయాల్సిందే. సైజులు రకరకాలుగా ఉంటాయి, పాతది చేతిలో పట్టుకునే షాపుకు వెళ్లండి.