సర్వీసు నడుస్తోంది, అప్లికేషన్‌కు మాత్రం అందడం లేదు: ఎక్కడ వెతకాలి?

"సార్, కోడ్ అంతా సరిగ్గానే ఉంది, అయినా పనిచేయడం లేదు" అంటూ వచ్చేవాళ్లను నేను ముందుగా అడిగేది ఒకటే: సర్వీసు కోసం పెట్టుకున్న పోర్టు (కంప్యూటర్‌లోకి వచ్చే తలుపు సంఖ్య) మీద ఇప్పుడు జవాబు చెబుతున్నది ఎవరు? "నా సర్వీసే సార్, ఇంకెవరుంటారు?" అంటారు. చూశావా అంటే చూడలేదు. అప్పటికే కోడ్ మూడుసార్లు తిరగరాసి, లైబ్రరీలు తీసేసి మళ్లీ వేసి, ఒకరిద్దరైతే విండోస్ కూడా కొత్తగా ఎక్కించి వచ్చి ఉంటారు. అర నిమిషం పట్టే పరీక్ష మాత్రం చేయరు.

ఒక డెస్క్‌టాప్ అప్లికేషన్, అది పిలిచే ఒక వెబ్ సర్వీసు రాసుకొని ఆ రెండింటినీ కలపలేక తంటాలు పడేవారి కోసం ఇది. ప్రాజెక్టు రన్ చేయడం, బ్రౌజర్‌లో అడ్రస్ కొట్టి చూడడం, ఎర్రర్ సందేశం పూర్తిగా చదవడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. మూడోది చాలామందికి వచ్చు, కానీ చేయరు.

కనెక్షనే కుదరడం లేదు

వచ్చిన ఎర్రర్ ఏ రకమో ముందు చూడండి. కనెక్షన్ నిరాకరించారని వస్తే కంప్యూటర్ దొరికింది, ఆ పోర్టు దగ్గర మాత్రం ఎవరూ లేరని అర్థం. అంటే సర్వీసు మొదలు కాలేదు, లేదా మొదలై పడిపోయింది, లేదా వేరే పోర్టు మీద ఉంది. చాలాసేపు ఆగి టైమ్‌అవుట్ అని వస్తే పంపిన అభ్యర్థనకు అవునని గానీ కాదని గానీ చెప్పే దిక్కు లేదన్నమాట. అప్పుడు ఐపీ అడ్రస్ తప్పా, మధ్యలో ఫైర్‌వాల్ అడ్డుపడుతోందా అని చూడాలి. మొదటి రకం ఎర్రర్ వచ్చినప్పుడు ఫైర్‌వాల్ సెట్టింగులు కెలుకుతూ కూర్చున్నవాళ్లను ఎంతమందిని చూశానో లెక్కలేదు.

ఇప్పుడు ఆ అర నిమిషం పరీక్ష. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి నెట్‌స్టాట్ అని కొట్టి, ఒక ఖాళీ ఇచ్చి, హైఫన్ పెట్టి, దాని వెంటే ఏ, ఎన్, ఓ అనే మూడు ఇంగ్లిషు అక్షరాలు కలిపి కొట్టండి. వచ్చే జాబితాలో మీ పోర్టు సంఖ్య వెతకండి. వరుస చివర ఉన్న అంకె ఆ పోర్టును పట్టుకున్న ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాం) సంఖ్య. టాస్క్ మేనేజర్‌లో వివరాల పేజీకి వెళ్తే ఆ సంఖ్య ఎవరిదో తెలుస్తుంది. లినక్స్‌లో ఎస్‌ఎస్, మ్యాక్‌లో ఎల్‌ఎస్‌ఓఎఫ్ ఇదే పని చేస్తాయి. మీ పోర్టు జాబితాలో లేకపోతే సర్వీసు నడవడం లేదు, ఇక దాని లాగ్ చదువుకోవాలి. ఉంటే ఎన్ని వరుసల్లో ఉందో లెక్కపెట్టండి. ఈ లెక్క ఎందుకో కింద చెబుతాను.

బ్రౌజర్‌లో కొత్తది, అప్లికేషన్‌లో పాతది

నన్ను నిజంగా ఏడిపించింది ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఒక టోకు కిరాణా వ్యాపారి దుకాణం. కౌంటర్ మీద జావాలో కిటికీలు, బటన్లు గీసే స్వింగ్‌తో రాసిన బిల్లింగ్ అప్లికేషన్. ధరలు, పన్ను రేట్లు దానికి అందించేది అదే కంప్యూటర్‌లో 8080 పోర్టు మీద నడిచే నోడ్ (జావాస్క్రిప్ట్‌ను బ్రౌజర్ బయట నడిపేది) సర్వీసు. 2025 సెప్టెంబరు 22 నుంచి నెయ్యి మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ముందు రోజు రాత్రి వెళ్లి రేట్ల ఫైలు మార్చాను. పనిలో పనిగా నోడ్ కొత్త వెర్షన్ కూడా వేశాను. తెరిచి ఉన్న నల్ల కిటికీ (కమాండ్ ప్రాంప్ట్) మూసి, సర్వీసును మళ్లీ మొదలుపెట్టి, బ్రౌజర్‌లో చూశాను. నెయ్యి: 5. ఇంటికి వెళ్లి నిద్రపోయాను.

పొద్దున తొమ్మిదిన్నరకు ఫోను. "ఏమండీ, నెయ్యి డబ్బా మీద ఇంకా 12 శాతమే పడుతోంది. పేపర్లో తగ్గిందని వచ్చింది కదా అని గిరాకీ గొడవపడుతున్నారు."

పరుగెత్తుకుని వెళ్లాను. బ్రౌజర్‌లో 5, ప్రింటర్ నుంచి వచ్చే కాగితం మీద 12. బ్రౌజర్‌లో సరిగ్గా ఉంది కాబట్టి సర్వీసుకు వంక లేదని, తప్పు అప్లికేషన్‌దేనని తీర్మానించుకున్నాను. రేట్లను ఎక్కడో దాచిపెట్టుకుంటోందేమోనని కోడ్ అంతా గాలించాను. మళ్లీ బిల్డ్ చేశాను, తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. మధ్యాహ్నం దాకా ఆ వ్యాపారి చేత్తో బిల్లులు రాశారు. నేను అందరికీ చెప్పే పరీక్ష నేనే చేయలేదు.

చివరికి నెట్‌స్టాట్ కొడితే 8080 రెండు వరుసల్లో కనిపించింది. ఒకటి 127.0.0.1:8080, రెండోది [::1]:8080. రెండింటి చివరా వేరువేరు ప్రాసెస్ సంఖ్యలు. ఒకే కంప్యూటర్, ఒకే పోర్టు సంఖ్య, ఇద్దరు యజమానులు.

ఎలా జరిగిందంటే, లోకల్‌హోస్ట్ అనేది అడ్రస్ కాదు, 'ఈ కంప్యూటరే' అని చెప్పే పేరు. ఆ పేరుకు రెండు అడ్రస్‌లు ఉన్నాయి: ఐపీ అడ్రస్‌ల పాత పద్ధతి ఐపీవీ4లో 127.0.0.1, కొత్త పద్ధతి ఐపీవీ6లో ::1. సర్వీసు కోడ్‌లో నేను లోకల్‌హోస్ట్ మీద విను అని రాశాను. నోడ్ 16 దాకా ఇలాంటిచోట ఐపీవీ4 అడ్రస్‌నే ముందుకు తెచ్చేది. 2021లో వచ్చిన నోడ్ 17 నుంచి ఆపరేటింగ్ సిస్టమ్ ఏ వరుసలో ఇస్తే ఆ వరుసనే తీసుకుంటోంది. విండోస్ ::1ను ముందు ఇచ్చింది. అంటే వెర్షన్ మార్చిన రాత్రి, కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మారకుండానే, నా సర్వీసు ఇల్లు మారింది.

మరి 127.0.0.1 మీద ఉన్నది ఎవరు? ఏడాది కిందట టాస్క్ షెడ్యూలర్‌లో నేనే పెట్టి మరిచిపోయిన పాత ప్రతి. కంప్యూటర్ తెరవగానే, కిటికీ ఏదీ కనబడకుండా, వేరే ఫోల్డర్‌లోని పాత నోడ్‌తో మొదలవుతుంది. నేను మూసిన నల్ల కిటికీ అసలు సర్వీసుదే కాదు. రేట్లను మొదట్లో ఒకసారి చదివి మెమరీలో పెట్టుకుంటుంది కాబట్టి, ఫైలు మారిన సంగతి ఆ పాత ప్రతికి తెలియనే తెలియదు. మామూలుగా అయితే రెండో ప్రతి మొదలయ్యేటప్పుడు ఆ అడ్రస్ ఇప్పటికే వాడుకలో ఉందన్న ఎర్రర్ వచ్చి దొంగ దొరికిపోవాలి. ఇక్కడ అడ్రస్‌లు వేరు కాబట్టి ఆ ఎర్రర్ రాలేదు.

బ్రౌజర్ ::1 తలుపు తట్టింది, కొత్త రేటు తెచ్చింది. జావా ఏమీ చెప్పకపోతే ఐపీవీ4నే ముందు ఎంచుకుంటుంది, అది 127.0.0.1 దగ్గరికి వెళ్లి పాత రేటు తెచ్చింది. ఎవరి మట్టుకు వాళ్లు సరిగ్గానే పనిచేశారు.

పరిష్కారం చేసేది పది నిమిషాల్లో. పాత ప్రాసెస్‌ను దాని సంఖ్య పట్టుకొని ఆపాలి. టాస్క్ షెడ్యూలర్, విండోస్ సర్వీసులు, స్టార్టప్ ఫోల్డర్ మూడింటిలోనూ వెతికి దాన్ని మొదలుపెడుతున్న ఏర్పాటును తీసేయాలి. లేకపోతే రేపు కరెంటు పోయి వచ్చాక అది మళ్లీ లేచి కూర్చుంటుంది. తరువాత సర్వీసులోనూ, అప్లికేషన్ సెట్టింగులోనూ లోకల్‌హోస్ట్ తీసేసి 127.0.0.1 అని అంకెల్లోనే రాయాలి. ఒక్క జాగ్రత్త: హెచ్‌టీటీపీఎస్ వాడుతూ సర్టిఫికెట్ లోకల్‌హోస్ట్ పేరు మీద మాత్రమే ఉంటే, అంకెలు రాయగానే పేరు కలవడం లేదని గొడవ చేస్తుంది. అలాంటప్పుడు పేరునే ఉంచి, సర్వీసును రెండు అడ్రస్‌ల మీదా వినేలా పెట్టండి.

ఆ రోజు నుంచి నేను రాసే ప్రతి సర్వీసుకూ ఒక చిన్న అడ్రస్ అదనంగా పెడుతున్నాను. దాన్ని పిలిస్తే మూడు సంగతులు చెబుతుంది: తన ప్రాసెస్ సంఖ్య, ఎప్పుడు మొదలైందీ, ఏ ఫోల్డర్ నుంచి నడుస్తోందీ. మొదలైన సమయాన్ని అప్లికేషన్ కిటికీ అడుగున చిన్న అక్షరాల్లో చూపిస్తాను. ఇప్పుడు ఎవరైనా ఫోను చేస్తే "కింద ఏ తేదీ ఉంది?" అని అడుగుతాను. పోయిన నెల తేదీ చదివితే మిగతా కథ వినక్కర్లేదు.

ఇదే రోగం ఇంకా తేలికపాటి వేషాల్లోనూ వస్తుంది. పాత ప్రతి ఏదీ లేకుండా సర్వీసు ::1 మీద మాత్రమే ఉంటే బ్రౌజర్‌లో బాగానే వస్తుంది, జావా అప్లికేషన్‌కు కనెక్షన్ నిరాకరణ వస్తుంది. సర్వీసు 127.0.0.1 మీద మాత్రమే ఉండి, పిలిచేవారు ::1ను ముందు ప్రయత్నిస్తే పని జరుగుతుంది గానీ విండోస్‌లో కొత్త కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ రెండు సెకన్ల దాకా వృథా అవుతుంది. ఆ రెండు సెకన్ల కోసం డేటాబేస్‌లో ఇండెక్సులు వేసుకుంటూ వారం గడిపినవారున్నారు. అడ్రస్ అంకెల్లో రాసి చూస్తే ఆలస్యం మాయమైతే తప్పు డేటాబేస్‌ది కాదు.

మ్యాక్ వాడేవారికి ఒక ముక్క. 2021లో వచ్చిన మ్యాక్ వెర్షన్ మాంటెరీ నుంచి ఎయిర్‌ప్లే రిసీవర్ 5000 పోర్టును పట్టుకుంటోంది. పైథాన్‌లో ఫ్లాస్క్ మామూలుగా వాడేదీ 5000నే. మీరు రాయని 403 ఎర్రర్ వస్తోందంటే జవాబిస్తున్నది మీ సర్వీసు కాదు. పోర్టు మార్చుకోండి.

నా కంప్యూటర్‌లో పనిచేస్తుంది, పక్క కంప్యూటర్‌లో పనిచేయదు

పక్క కంప్యూటర్‌లోని అప్లికేషన్ సెట్టింగు తెరవండి. అక్కడ లోకల్‌హోస్ట్ అనో 127.0.0.1 అనో ఉందా? ఆ కంప్యూటర్‌లో లోకల్‌హోస్ట్ అంటే ఆ కంప్యూటరే. అది తనలో తాను వెతుక్కుంటోంది. సర్వీసు ఉన్న కంప్యూటర్ ఐపీ అడ్రస్ రాయండి.

రాశాక కూడా రాకపోతే సర్వీసు 127.0.0.1 మీద మాత్రమే వింటోందేమో నెట్‌స్టాట్‌లో చూడండి. బయటివారికి వినిపించాలంటే 0.0.0.0 (అంటే ఆ కంప్యూటర్‌కున్న ఐపీవీ4 అడ్రస్‌లన్నీ) మీద వినాలి. అప్పటికీ టైమ్‌అవుట్ వస్తే ఫైర్‌వాల్‌లో ఆ పోర్టుకు అనుమతి ఇవ్వాలి. ఆఫీసు వైఫైని విండోస్ పబ్లిక్ నెట్‌వర్కుగా లెక్కగట్టి ఉంటే, ప్రైవేట్‌కు మాత్రమే ఇచ్చిన అనుమతి పనిచేయదు. నిన్నటిదాకా వచ్చి ఈ రోజు ఆగిపోతే, రాత్రి కరెంటు పోయి రూటర్ మళ్లీ మొదలైనప్పుడు కొత్త ఐపీ ఇచ్చి ఉంటుంది. రూటర్‌లో ఆ కంప్యూటర్‌కు ఒకే ఐపీ వచ్చేలా కట్టిపెట్టండి.

జవాబు వస్తోంది, కానీ ఎర్రర్ సంఖ్యతో

సంఖ్య వచ్చిందంటే ఎవరో ఒకరు జవాబిచ్చారు, కాబట్టి నెట్‌వర్కు జోలికి వెళ్లకండి. 404 అయితే అడ్రస్‌లో దారి తప్పు. డాట్‌నెట్‌లో హెచ్‌టీటీపీ క్లయింట్‌కు మూల అడ్రస్ ఇచ్చేటప్పుడు చివర వాలుగీత పెట్టకపోతే ఆఖరి ముక్కను వదిలేస్తుంది. దానికి జోడించే దారి మొదట్లో వాలుగీత పెడితే మూల అడ్రస్‌లోని దారి మొత్తం ఎగిరిపోతుంది. అంటే మూలానికి చివర ఉండాలి, జోడించేదానికి మొదట ఉండకూడదు. 405 అయితే పోస్ట్ బదులు గెట్ లాంటి తప్పు పద్ధతిలో అభ్యర్థన పంపారు. 415 అయితే జేసన్ పంపుతూ అది జేసన్ అని హెడర్‌లో చెప్పలేదు. 500 అయితే సర్వీసు లోపల కూలింది. అప్లికేషన్ వైపు తదేకంగా చూస్తే లాభం లేదు, సర్వీసు లాగ్ చూడండి.

డెస్క్‌టాప్ అప్లికేషన్‌లో వచ్చి, వెబ్ పేజీ నుంచి మాత్రమే రాకపోతే ముందు కార్స్‌ను, అంటే ఒక చోటి వెబ్ పేజీ వేరే చోటి సర్వీసు జవాబు చదవకుండా ఆపే కట్టడిని అనుమానించండి. ఆ కట్టడి బ్రౌజర్ పెట్టేది. అనుమతి ఇచ్చే హెడర్ సర్వీసు పంపాలి.

బటన్ నొక్కగానే కిటికీ బిగుసుకుపోతోంది

కిటికీని గీసే థ్రెడ్ (ప్రోగ్రాంలో పనులు ఒకదాని తరువాత ఒకటి నడిచే దారి) మీదే సర్వీసును పిలిచి కూర్చున్నారు. స్వింగ్‌లో స్వింగ్‌వర్కర్, డాట్‌నెట్‌లో అసింక్, అవెయిట్ వాడండి. అవెయిట్ పెట్టాల్సిన చోట ఫలితాన్ని రిజల్ట్ అనే ప్రాపర్టీతో లాగితే, రెండు వైపులా ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ అక్కడే ఉండిపోతాయి. అప్లికేషన్‌ను బలవంతంగా మూయడం తప్ప గతి ఉండదు.

తెలుగు పేర్లు పాడవుతున్నాయి

తెరను బాగా చూడండి, మూడు రకాలుంటాయి. అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే ఫాంటులో తెలుగు లేదు. నిర్మలా యూఐ పెట్టండి, డేటాకు ఏమీ కాలేదు. ఇంగ్లిషు అక్షరం మీద వాలుగీత, పక్కన చిన్న సున్నా, ఈ జంట పదే పదే కనిపిస్తే యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలనూ దాచే పద్ధతి) బైట్లను విండోస్ పాత పద్ధతిలో చదువుతున్నారు. జావా 18 రాకముందు వెర్షన్లలో ఇది రోజూ ఉండే గొడవే. చదివేచోట యూటీఎఫ్-8 అని స్పష్టంగా రాస్తే అక్షరాలు తిరిగి వస్తాయి. అన్నీ ప్రశ్నార్థకాలే అయితే అసలు అక్షరాలు దాచేటప్పుడే పోయాయి, ఇక రావు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఆ కాలమ్‌ను వార్‌చార్ నుంచి ఎన్‌వార్‌చార్‌కు మార్చి, పేర్లు మళ్లీ ఎక్కించుకోవాలి. మార్చాక కూడా ప్రశ్నార్థకాలే పడుతుంటే, క్వెరీలో తెలుగు మాటను నేరుగా రాసి దాని ముందు ఎన్ అక్షరం పెట్టడం మరిచిపోయారు.

మిగతావి

యాంటీవైరస్ అడ్డుపడడం, హోస్ట్స్ ఫైలులో ఎవరో గీసిన పిచ్చిగీతలు, ప్రాక్సీ సెట్టింగు, ఇవి ఉంటాయి గానీ అరుదు. పైవన్నీ చూశాకే వీటి దగ్గరికి రండి. సర్టిఫికెట్ గడువు తీరిందని గానీ ఇంకా మొదలు కాలేదని గానీ వస్తే, సర్టిఫికెట్‌ను తిట్టుకునే ముందు గడియారం చూడండి. మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయిన పాత కంప్యూటర్లు తెరిచిన ప్రతిసారీ ఏళ్ల వెనక్కి వెళ్లిపోతాయి.