జలుబుకి రాత్రి ముక్కు బిగుసుకుపోతే నేను చేసేది

ముక్కు బిగుసుకునేది చీమిడి వల్లే కాదు. వైరస్‌తో పోరాడేటప్పుడు లోపలి పొరలోని రక్తనాళాలు ఉబ్బుతాయి. పడుకుంటే ఆ వాపు ఇంకా పెరుగుతుంది. అందుకే గట్టిగా చీదినా దారి తెరుచుకోదు, పైగా చెవులు గుయ్‌మంటాయి.

నాకు బాగా పనిచేసేది ఉప్పునీళ్లతో కడగడం. పావు లీటరు నీళ్లు తెర్లనిచ్చి, ఒక నిమిషం అలాగే మరగనిచ్చి, గోరువెచ్చగా చల్లారాక అర టీస్పూను అయోడిన్ లేని ఉప్పు, చిటికెడు వంటసోడా కలపాలి. క్యాన్ నీళ్లైనా, ఫిల్టర్ నీళ్లైనా మరిగించాల్సిందే. మరగని నీళ్లలో ఉండే అమీబా ముక్కుగుండా మెదడుకెక్కితే ప్రాణాంతకం. సింక్ మీదికి వంగి, తల పక్కకి వాల్చి, నోటితో ఊపిరి తీసుకుంటూ పై రంధ్రంలో మెల్లగా పోస్తే కింది రంధ్రంలోంచి వచ్చేస్తాయి. మండితే ఉప్పు పాళ్లు తప్పినట్టే. తర్వాత ఒక్కో రంధ్రం మెల్లగా చీదాలి.

జైలోమెటాజోలిన్ చుక్కలు నిమిషాల్లో దారి తెరుస్తాయి, నిజమే. కానీ అయిదు రోజులు దాటితే మందు దిగగానే వాపు రెట్టింపుగా తిరిగొస్తుంది, జనం జలుబు తగ్గలేదనుకుని మళ్లీ వేసుకుంటారు. అలా అలవాటైతే ముందు ఒక రంధ్రంలో మానేసి, అది కుదుటపడ్డాక రెండోదాంట్లో మానాలి.

జలుబు మాత్రల్లో చాలావాటిలో పారాసిటమాల్ ఉంటుంది. అట్ట మీద చూడకుండా జ్వరం మాత్ర జోడించొద్దు. యాంటీబయాటిక్ వైరస్‌ని ఏమీ చేయదు. పది రోజులైనా తగ్గకపోయినా, ఆయాసం వచ్చినా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.