ఆఫ్ స్పిన్ సొంతంగా నేర్చుకుందాం – నాలుగో పాఠం: బంతిని వదిలే తీరు, గాలిలో చుట్లు

ఆఫ్ స్పిన్ అంటే వేళ్ళతో తిప్పి, కుడిచేతి బ్యాటర్‌కు బయటినుంచి లోపలికి మళ్ళేలా వేసే బంతి. దాని మూడో పాఠం తరువాత మీరు పంపిన వీడియోలన్నీ చూశాను. చూపుడువేలిని, మధ్యవేలిని సీమ్ (బంతి చుట్టూ ఉండే కుట్టు) మీద ఎడంగా పెట్టమన్న మాటను అందరూ పాటించారు గాని, బంతి జారిపోతుందన్న భయంతో ఎక్కువమంది దానిని అరచేతిలోకి నొక్కేసుకున్నారు. అలా నొక్కితే వేళ్ళకు తిప్పే చోటు మిగలదు. బంతి ఆలస్యంగా విడిపోయి, బ్యాటర్‌కు దూరంగా పొట్టిగా పడుతుంది. విశాఖ ఉక్కపోతలో చెయ్యి చెమర్చడం సహజమే. అందుకు మందు పొడి తువ్వాలు, ప్రతి బంతికీ ముందు చెయ్యి తుడుచుకోవడం. పట్టు బిగించడం మాత్రం కాదు. బంతిని పట్టుకుని చెయ్యి పైకెత్తి చూసినప్పుడు అరచేతికీ బంతికీ మధ్య వెలుతురు కనబడాలి. అది కనబడేదాకా ఈ పాఠంలో ముందుకు వెళ్ళకండి.

రన్నప్ (బంతి వేయడానికి పరుగెత్తి రావడం) గురించి ఇక్కడ మళ్ళీ చెప్పను. ముందు కాలు గట్టిగా ఆనిన తరువాత, ఆ పాదం మునివేళ్ళ మీద ఒళ్ళంతా తిరుగుతుండగా చెయ్యి పైనుంచి వస్తుంది. ఆ ఆఖరి క్షణంలో చూపుడువేలు సీమ్‌ను కుడిపక్కన గట్టిగా కిందికి లాగాలి, మణికట్టు కొళాయి బిగించినట్లు తిరగాలి. చుట్లలో ఎక్కువ భాగం పుట్టేది ఈ లాగుడులోనే. వేలు బంతి పక్కనుంచి కాక అడుగునుంచి జారితే బంతి తిరుగుతుంది గాని వెనక్కు తిరుగుతుంది. అది గాలిలో దిగదు, పిచ్ మీద పట్టదు. మోచేయి విషయంలోనూ జాగ్రత్త అవసరం: బంతి వేసేటప్పుడు అది 15 డిగ్రీలకు మించి చాచుకోవడం అంతర్జాతీయ నిబంధనలకు విరుద్ధం, కాబట్టి చుట్ల కోసం మోచేతిని విదిలించడం అలవాటు చేసుకోవద్దు.

ఇక నన్ను అన్నిటికన్నా బాధించే పొరపాటు గురించి కాస్త వివరంగా చెప్పాలి. "సార్, నా బంతి బాగా తిరుగుతోంది" అంటూ మీరు చూపిస్తున్నది పిచ్ మీద బంతి మళ్ళిన దూరం. అది చుట్లకు కొలత కాదు. మన ఊళ్ళో చాలామంది సాధన చేసేది మ్యాటింగ్ మీద. కొబ్బరిపీచు మ్యాటు మీద మామూలు బంతి కూడా బాగా పట్టి మళ్ళుతుంది. పైగా, నెమ్మదిగా వేసిన బంతి ఎక్కువ మళ్ళినట్లు కనబడుతుంది. వికెట్లకు 4 మీటర్ల ముందు పడిన బంతికి సెకనుకు 2 మీటర్ల పక్కవేగం వచ్చిందనుకుందాం. అది సెకనుకు 20 మీటర్ల వేగంతో ముందుకు పోతుంటే వికెట్లను చేరేలోగా 40 సెంటీమీటర్లు మళ్ళుతుంది, 14 మీటర్ల వేగంతో పోతుంటే 57 సెంటీమీటర్లు. పక్కవేగం రెండింటికీ ఒక్కటే, మారింది చేతి వేగం. ఇది తెలియక చాలామంది చెయ్యి నెమ్మది చేసి, తాము బాగుపడ్డామనుకుని, గాలిలో బంతికి ఉండవలసిన ప్రాణాన్ని పోగొట్టుకుంటున్నారు. 2019 అక్టోబరులో మన విశాఖ పోతినమల్లయ్యపాలెం స్టేడియంలో జరిగిన టెస్టులో భారత్ 7 వికెట్లకు 502 పరుగులు చేసి డిక్లేర్ చేసింది, దక్షిణాఫ్రికా 431 చేసింది. బ్యాటింగ్‌కు అంత అనువైన ఆ పిచ్ మీద భారత ఆఫ్ స్పిన్నర్ అశ్విన్ 145 పరుగులిచ్చి 7 వికెట్లు తీశాడు. ఆ వీడియోలు దొరికితే, చేతినుంచి పిచ్ దాకా మధ్యలో బంతి ఏం చేస్తోందో చూడండి. పడ్డాక ఎంత మళ్ళిందన్నది తరువాతి సంగతి.

కాబట్టి చుట్లను గాలిలోనే లెక్కపెట్టాలి. దీనికి తెల్లటి టేపు చాలు, కాని మీలో కొందరు సీమ్‌కు ఒకపక్కనంతా టేపు అతికించి, లెక్క తేలడం లేదన్నారు. అలా అతికిస్తే బంతి ఏ కోణంలో తిరుగుతోందో తెలుస్తుంది గాని, ఎన్నిసార్లు తిరిగిందో తెలియదు. సన్నటి పట్టీని సీమ్‌కు అడ్డంగా, ఈ పక్కనుంచి ఆ పక్కకు, ఒకచోట మాత్రమే అతికించండి. బౌలర్ వెనుక, అంపైర్ నిలబడేచోట ఫోన్ నిలిపి, సెకనుకు 240 ఫ్రేములు తీసే స్లోమోషన్‌లో రికార్డు చేయండి. పట్టీ ఒకచోటినుంచి బయలుదేరి మళ్ళీ అక్కడికే రావడానికి ఎన్ని ఫ్రేములు పట్టాయో చూసి, 14,400ను ఆ సంఖ్యతో భాగిస్తే నిమిషానికి ఎన్ని చుట్లో వస్తుంది. 12 ఫ్రేములైతే 1,200. 8 అయితే 1,800. 12 దగ్గర మొదలైనవారు కొన్ని నెలల్లో 10కి వస్తే మంచి పురోగతి అని నా అభిప్రాయం.

బంతి విషయంలో నేను పట్టుబడతాను: టెన్నిస్ బంతి ఈ పాఠానికి పనికిరాదు. సీమ్ లేనిచోట వేలు దేనిని లాగుతుంది? చవక బంతుల సీమ్ త్వరగా అణిగిపోతుంది, అందుకే చేతికుట్టు బంతి ఒకటి కొని, పాతబడ్డాక కూడా దానితోనే సాధన చేయండి. 13 ఏళ్ళలోపు పిల్లలు 133 నుంచి 144 గ్రాముల చిన్న బంతే వాడాలి; పెద్ద బంతి వారి వేళ్ళకు అందదు, చివరికి అరచేతిలోకే పోతుంది.

సాధన: సగం పిచ్ దూరంలో ఒక మోకాలు నేలకు ఆనించి 40 బంతులు, ఆపైన పూర్తి రన్నప్‌తో 30 బంతులు వేయండి. రన్నప్‌తో వేసిన వాటిలో చివరి ఆరింటిని రికార్డు చేసి, ఫ్రేముల సంఖ్యను తేదీతో సహా రాసిపెట్టుకోండి. ఆరింటిలో నాలుగు ఒకే సంఖ్యకు ఒక ఫ్రేము అటూఇటూగా వచ్చేదాకా, పిచ్ మీద బంతి ఎంత మళ్ళిందో చూడవద్దు. చూపుడువేలి చర్మం చీలినా, మోచేయి లోపలివైపు నొప్పి పుట్టినా ఆ రోజుకు ఆపేయండి. ఐదో పాఠానికి వీడియోతో పాటు ఆ రాతపుస్తకం పేజీ కూడా పంపాలి.